అనుమతి ఇచ్చిందెవరు? సీఐఏ చిత్రహింసల్లో బాధ్యత ఎక్కడెక్కడ జారిపోయింది

2009 జనవరిలో మయామీలోని ఫెడరల్ కోర్టు ఒక అమెరికా పౌరుడికి 97 ఏళ్ల జైలు శిక్ష వేసింది. అతను లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్ కొడుకు. తండ్రి పాలనలో అక్కడి ప్రత్యేక భద్రతా దళాన్ని నడుపుతూ ఖైదీలను చిత్రహింసలు పెట్టినట్టు రుజువైంది. దేశం బయట జరిగే చిత్రహింసను నేరంగా ప్రకటిస్తూ అమెరికా 1994లో చేసుకున్న చట్టం కింద పడిన మొట్టమొదటి శిక్ష అది. చట్టంలో మెలికలేమీ లేవు. అధికార హోదాలో ఉన్న వ్యక్తి తన కస్టడీలోని మనిషికి కావాలని తీవ్రమైన శారీరక, మానసిక బాధ కలిగిస్తే 20 ఏళ్ల వరకు జైలు. ఆ మనిషి చనిపోతే మరణశిక్ష దాకా వెళ్లొచ్చు.

ఆ చట్టం అమల్లో ఉండగానే సీఐఏ విదేశాల్లోని తన రహస్య జైళ్లలో 119 మందిని బంధించింది. వాళ్లలో కనీసం 39 మందిపై ‘మెరుగుపరచిన ఇంటరాగేషన్ పద్ధతులు’ ప్రయోగించింది. కనీసం 26 మందిని బంధించడానికి సీఐఏ సొంత నిబంధనల ప్రకారమే ఆధారం లేదు. ఈ లెక్కలు ఏ హక్కుల సంఘమో చెప్పినవి కావు. 2014 డిసెంబర్ 9న అమెరికా సెనేట్ నిఘా కమిటీ విడుదల చేసిన నివేదికలోనివి. అయినా 1994 చట్టం కింద ఒక్క సీఐఏ అధికారి మీద కూడా కేసు పెట్టలేదు.

రాజకీయ ఒత్తిడి వల్లే అలా జరిగిందంటే సగమే చెప్పినట్టు. నేరం జరిగాక దాన్ని కప్పిపుచ్చడం ఒక పద్ధతి. ఇక్కడ జరిగింది వేరు. నేరానికి ముందే రక్షణ కాగితం సిద్ధమైంది. ఆ తర్వాత గొలుసులో ఉన్న ప్రతి ఒక్కరూ తమ ముందున్నవారి సంతకాన్ని చూపించి పక్కకు తప్పుకున్నారు. ఈ గొలుసును ఒక్కో లంకె విప్పి చూస్తే తప్ప జవాబుదారీతనం ఎక్కడ తెగిందో అర్థం కాదు.

ముందు మెమో, తర్వాత గది

2001 సెప్టెంబర్ 17న అధ్యక్షుడు జార్జ్ బుష్ అనుమానిత ఉగ్రవాదులను పట్టుకుని నిర్బంధించే అధికారాన్ని సీఐఏకి ఇచ్చారు. ఆ ఉత్తర్వులో ఇంటరాగేషన్ ప్రస్తావన లేదు. 2002 ఫిబ్రవరి 7న ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఖైదీల పట్ల అమానుష ప్రవర్తనను నిషేధించే జెనీవా ఒప్పందాల ఉమ్మడి 3వ అధికరణం అల్‌ఖైదా, తాలిబాన్ ఖైదీలకు వర్తించదని అందులో ఉంది. అంటే సీఐఏ రహస్య జైళ్లకు మొదటి ఖైదీ చిక్కకముందే అంతర్జాతీయ కంచె తీసేశారు.

మార్చి 28న పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్‌లో అబూ జుబైదా దొరికాడు. తీవ్రంగా గాయపడి ఉన్న అతన్ని థాయిలాండ్‌లోని రహస్య కేంద్రానికి తరలించారు. మొదట మాట్లాడింది ఎఫ్‌బీఐ ఏజెంట్లు. గాయాలకు చికిత్స చేయిస్తూ, అతని భాషలో మాట్లాడుతూ, తమకు తెలిసిన వివరాలు ముందుపెట్టి ప్రశ్నలడిగారు. సెప్టెంబర్ 11 దాడుల పథక రచయిత ఖాలిద్ షేక్ మహమ్మద్ అన్న సంగతి అప్పుడే బయటపడింది, ఎవరూ చేయి చేసుకోకుండానే. అయినా సీఐఏ పగ్గాలు లాక్కుంది.

కొత్త పద్ధతుల జాబితా ఇచ్చింది జేమ్స్ మిచెల్, బ్రూస్ జెస్సెన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు. వాళ్లిద్దరూ ఒక్క అసలు ఇంటరాగేషన్ కూడా చేసినవాళ్లు కారు. శత్రువు చేతికి చిక్కితే ఎలా తట్టుకోవాలో అమెరికా సైనికులకు నేర్పే శిక్షణలో పనిచేసినవాళ్లు. ఆ శిక్షణ కొరియా యుద్ధంలో బందీల నుంచి తప్పుడు ఒప్పుకోళ్లు రాబట్టిన పద్ధతుల నమూనా మీద తయారైంది. నిజం రాబట్టడానికి ఎంచుకున్న సాధనం అబద్ధాలు చెప్పించడంలో ఆరితేరినది. మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

2002 జులైలో సీఐఏ న్యాయవాదులు న్యాయ శాఖ క్రిమినల్ విభాగాన్ని ఒక హామీ అడిగారు. ఈ పద్ధతులు వాడినందుకు మా వాళ్ల మీద కేసు పెట్టబోమని ముందే రాసివ్వాలన్నారు. క్రిమినల్ విభాగం ఒప్పుకోలేదు. అడిగారంటేనే, తాము చేయబోయేది నేరం కావచ్చని వాళ్లకు తెలుసన్నమాట. ఆ హామీ చేయాల్సిన పనిని ఆగస్టు 1న వచ్చిన రెండు మెమోలు చేశాయి. వాటిని న్యాయ శాఖలోని లీగల్ కౌన్సెల్ కార్యాలయం ఇచ్చింది. రాయడంలో ప్రధాన పాత్ర జాన్ యూది, సంతకం జే బైబీది. ఆ కార్యాలయం ఇచ్చే అభిప్రాయం ప్రభుత్వ శాఖలన్నిటికీ కట్టుబడాల్సినదే.

మొదటి మెమో చేసిన పని చట్టంలోని ‘తీవ్రమైన బాధ’ గీతను పైకి జరపడం. అవయవం పనిచేయడం మానేసినప్పుడో, ప్రాణం పోతున్నప్పుడో కలిగేంత బాధ ఉంటే తప్ప అది చిత్రహింస కాదంది. ఈ కొలత తెచ్చింది ఎక్కడినుంచో తెలుసా? అత్యవసర చికిత్స ఖర్చు ఎప్పుడు చెల్లించాలో నిర్ణయించే ఆరోగ్య ప్రయోజనాల చట్టం నుంచి. చిత్రహింసతో దానికి ఏ సంబంధమూ లేదు. పైగా యుద్ధకాలంలో సర్వసేనాధిపతిగా అధ్యక్షుడి అధికారానికి ఈ చట్టం అడ్డురాదని, అవసరం, ఆత్మరక్షణ అనే వాదనలు కూడా పనికొస్తాయని చేర్చింది. బ్రిటన్ ఉత్తర ఐర్లాండ్‌లో వాడిన ఐదు పద్ధతులను 1978లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు అమానుషమే గాని చిత్రహింస కాదన్న తీర్పును వాడుకుంది. 1983లో టెక్సస్‌లో ఖైదీల ముఖానికి గుడ్డ కప్పి నీళ్లు పోసి ఒప్పుకోళ్లు రాబట్టిన షెరీఫ్‌ను ఇదే న్యాయ శాఖ జైలుకు పంపిన సంగతిని మాత్రం వదిలేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికన్ బందీలకు నీటి హింస పెట్టిన జపాన్ సైనికులను అమెరికా సైనిక న్యాయస్థానాలు శిక్షించిన సంగతీ అందులో లేదు.

రెండో మెమో పది పద్ధతులకు పచ్చజెండా ఊపింది. వాటిలో కొన్ని: గోడకేసి కొట్టడం, చెంపదెబ్బ, కదలకుండా నిలబెట్టడం, నిద్ర పోనివ్వకపోవడం, పెట్టెలో బంధించడం, ఆ పెట్టెలో పురుగును వదలడం, చివరగా వాటర్‌బోర్డింగ్. మనిషిని వాలుబల్ల మీద తల కిందికి ఉండేలా కట్టి, ముక్కూ నోరూ గుడ్డతో కప్పి నీళ్లు పోయడమే వాటర్‌బోర్డింగ్.

కాగితం మీద ఒకటి, గదిలో మరొకటి

చట్టపరమైన అనుమతి ఎప్పుడూ కొన్ని షరతుల మీద నిలబడుతుంది. ఈ మెమో కూడా, సీఐఏ తనకు చెప్పిన వాస్తవాలు మారితే ఈ అభిప్రాయం వర్తించదని రాసుకుంది. ఆ వాస్తవాల్లో మొదటిది, అబూ జుబైదా అల్‌ఖైదాలో మూడో నాలుగో స్థానం నాయకుడన్నది. అది నిజం కాదని తర్వాత తేలింది. రెండోది, వాటర్‌బోర్డింగ్ సైనిక శిక్షణలో చేసినట్టే ఉంటుందన్నది. అదీ జరగలేదు. శిక్షణలో కొద్దిపాటి నీళ్లు, ఒకటి రెండుసార్లు, ఎప్పుడైనా ఆపమనగల వాలంటీరు. సీఐఏ గదిలో కుండపోతగా నీళ్లు. 2002 ఆగస్టులోనే అబూ జుబైదా మీద కనీసం 83 సార్లు నీళ్లు పోశారని సీఐఏ ఇన్‌స్పెక్టర్ జనరల్ లెక్క. ఒకసారి అతను పూర్తిగా చలనం లేకుండా పడిపోయాడు, నోటినిండా నీళ్లు, బుడగలు. 2003 మార్చిలో ఖాలిద్ షేక్ మహమ్మద్ మీద 183 సార్లు.

పెట్టె సంగతీ అంతే. ఇరవై రోజుల్లో అబూ జుబైదాను శవపేటిక అంత పెట్టెలో 266 గంటలు ఉంచారు. 21 అంగుళాల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల లోతు ఉన్న చిన్న పెట్టెలో మరో 29 గంటలు. కొందరు ఖైదీలకు 180 గంటల దాకా, అంటే ఏడున్నర రోజులు, నిద్ర లేకుండా చేశారు. ఎక్కువగా చేతులు పైకి కట్టి నిలబెట్టి.

డాక్టర్ల పాత్ర ఇక్కడే గమనించాలి. పక్కన వైద్య సిబ్బంది ఉన్నారు కాబట్టి శాశ్వత హాని జరగదని 2005 మే నెలలో వచ్చిన కొత్త మెమోలు వాదించాయి. వైద్య సిబ్బంది ఎందుకు కాదనలేదంటే, న్యాయ శాఖ చట్టబద్ధమని చెప్పింది కాబట్టి. లాయరు డాక్టరును, డాక్టరు లాయరును చూపించారు. బాధ్యత ఎవరి దగ్గరా ఆగలేదు.

అనుమతి లేని చోట్ల పరిస్థితి ఇంకా ఘోరం. అఫ్గానిస్తాన్‌లో ‘సాల్ట్ పిట్’ అని పిలిచే కేంద్రంలో 2002 నవంబర్‌లో గుల్ రహమాన్ అనే ఖైదీని నడుము కింద బట్టల్లేకుండా చల్లటి కాంక్రీటు నేలకు గొలుసుతో కట్టి వదిలేశారు. తెల్లారేసరికి చనిపోయాడు. ఒళ్లు చల్లబడిపోయి చనిపోయి ఉండొచ్చని పోస్ట్‌మార్టం చెప్పింది. నాలుగు నెలల తర్వాత ఆ కేంద్రం బాధ్యుడైన అధికారికి ‘నిలకడగా ఉత్తమ పనితీరు’ కనబరిచినందుకు 2,500 డాలర్ల నగదు బహుమతి ఇవ్వాలని సిఫారసు వెళ్లింది.

‘ఫలితం వచ్చింది కదా’ అనే వాదన

టైంబాంబు పేలబోతోంది, ఎక్కడుందో తెలిసినవాడు మీ చేతిలో ఉన్నాడు, ఏం చేస్తారు? చిత్రహింసను సమర్థించేవారు అడిగే ప్రశ్న ఇదే. ఈ ప్రశ్నలో మూడు నిశ్చయాలు దాగి ఉన్నాయి: పట్టుకున్నది సరైన మనిషినే, అతనికి ఆ విషయం తెలుసు, అతను చెప్పింది నిజమో కాదో వెంటనే తేల్చుకోగలం. నిజమైన ఇంటరాగేషన్ గదిలో ఈ మూడూ ఒకేసారి ఉండవు. విషయం తెలియనివాడు కూడా నొప్పి ఆగడం కోసం ఏదో ఒకటి చెబుతాడు. ప్రశ్న అడిగేవాడు తాను వినాలనుకున్న జవాబు వచ్చేదాకా ఆపడు.

ఇబ్న్ అల్ షేఖ్ అల్ లీబీ సంగతి చూడండి. 2001 చివర్లో చిక్కిన అతన్ని ఈజిప్టుకు అప్పగించారు. అక్కడి హింసకు తట్టుకోలేక, అల్‌ఖైదాకు రసాయన ఆయుధాల శిక్షణ ఇచ్చింది ఇరాక్ అని చెప్పాడు. 2003 ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో విదేశాంగ మంత్రి కాలిన్ పావెల్ ఆ మాటను ఆధారంగా వినిపించారు. మరుసటి నెలలో యుద్ధం మొదలైంది. 2004లో అల్ లీబీ అది తాను కల్పించి చెప్పానన్నాడు, సీఐఏ ఆ సమాచారాన్ని వెనక్కి తీసుకుంది. అప్పటికి ఇరాక్‌లో జరగాల్సింది జరిగిపోయింది.

సీఐఏ గొప్పగా చెప్పుకున్న 20 విజయాలను సెనేట్ కమిటీ ఒక్కొక్కటిగా పరిశీలించింది. ప్రతిదానిలోనూ మౌలికమైన తప్పు ఉందని తేల్చింది. కొన్నింటిలో సమాచారం హింసకు ముందే వచ్చింది, కొన్నింటిలో వేరే దారిలో వచ్చింది. బిన్ లాదెన్ దూత గురించి అత్యంత పనికొచ్చిన వివరాలు హసన్ గుల్ అనే ఖైదీ హింస మొదలుపెట్టకముందే చెప్పాడు. సీఐఏ ఈ నిర్ధారణలతో ఏకీభవించలేదు. సమాచారంలో కొంత విలువైనదేనని, అయితే హింస లేకుండా అదే వచ్చేదో లేదో తేల్చలేమని జవాబిచ్చింది.

ఈ వాదనలో తేల్చాల్సింది నిజానికి ఫలితం కాదని నా అభిప్రాయం. 1984లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన చిత్రహింస వ్యతిరేక ఒడంబడిక రెండో అధికరణం యుద్ధమైనా, అత్యవసర పరిస్థితైనా, పైఅధికారి ఆదేశమైనా చిత్రహింసకు సమర్థన కాదంటోంది. అమెరికా 1994లో దాన్ని ఆమోదించింది. ఫలితం గురించి మాట్లాడటం మొదలెట్టగానే ఆ గీతను దాటేసినట్టే. అయినా ఈ వివరాలు ఎందుకు చెప్పాలంటే, ప్రజలకు చెప్పిన కథ కూడా నిజం కాదు గనుక.

లంకెలు తెగిన చోట్లు

మొదటిది రుజువు. అబూ జుబైదా, అల్ నషీరీ అనే మరో ఖైదీ ఇంటరాగేషన్లకు వీడియో రికార్డులు ఉన్నాయి, మొత్తం 92 టేపులు. 2005 నవంబర్‌లో సీఐఏ రహస్య విభాగం అధిపతి హోసే రోడ్రిగెజ్ ఆదేశంతో వాటిని నాశనం చేశారు. వైట్‌హౌస్ లాయర్లు వద్దన్నా ఆ పని జరిగింది. సంగతి బయటికొచ్చింది 2007 డిసెంబర్‌లో. ఆ వెంటనే ప్రాసిక్యూటర్ జాన్ డర్హామ్‌ను నియమించారు. దాదాపు మూడేళ్లు దర్యాప్తు చేసి టేపుల మీద ఎవరిపైనా అభియోగం లేదని 2010లో ముగించారు. సెనేట్ కమిటీ విచారణ మొదలవడానికి కారణం కూడా ఈ టేపుల వార్తే. ఆ సిబ్బంది 60 లక్షలకు పైగా పేజీలు చదివారు. పూర్తి నివేదిక 6,700 పేజీలు దాటింది. అందులో ప్రజలు చూసింది 525 పేజీల సారాంశమే. మధ్యలో సీఐఏ ఉద్యోగులు కమిటీ సిబ్బంది వాడే కంప్యూటర్లలోకి చొరబడ్డారు. 2014 జులైలో సీఐఏ డైరెక్టర్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. పర్యవేక్షించాల్సిన చట్టసభ మీదే నిఘా పెట్టడమంటే మామూలు విషయం కాదు.

రెండోది చట్టసభ. 2002 సెప్టెంబర్ నుంచి కొద్దిమంది నాయకులకే, అదీ పాక్షికంగా, వివరాలు చెప్పారు. నిఘా కమిటీ సభ్యులందరికీ చెప్పింది 2006 సెప్టెంబర్ 6న, బుష్ రహస్య జైళ్ల సంగతి దేశానికి వెల్లడించడానికి కొన్ని గంటల ముందు. పావెల్‌కు తెలిస్తే మండిపడతారని వైట్‌హౌస్ భయపడుతోందని సీఐఏ అంతర్గత ఈమెయిల్ ఒకటి చెబుతోంది. విదేశాంగ మంత్రికి, రక్షణ మంత్రికి పద్ధతుల వివరాలు 2003 సెప్టెంబర్ దాకా చెప్పలేదు. ఇక అధ్యక్షుడి సంగతి. సీఐఏ రికార్డుల ప్రకారం బుష్‌కు నిర్దిష్ట పద్ధతులు వివరించింది 2006 ఏప్రిల్‌లో. తానే ముందు అనుమతించానని బుష్ పదవి దిగాక రాశారు. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చే పని ఏ కోర్టుకూ అప్పగించలేదు.

మూడోది చట్టాన్నే వెనక్కి తిప్పడం. సామాన్య పాఠకులు ఎక్కువగా గమనించనిది, కానీ నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. 2005 డిసెంబర్‌లో సెనేటర్ జాన్ మెక్‌కెయిన్ పట్టుబట్టి క్రూరమైన, అమానుషమైన ప్రవర్తనను నిషేధించే చట్టం తెచ్చారు. వియత్నాంలో తానే చిత్రహింసలు అనుభవించిన మనిషి ఆయన. అదే చట్టంలో ఇంకో నిబంధన చేరింది. అధికారిక అనుమతితో జరిగిన ఇంటరాగేషన్ చట్టవిరుద్ధమని తెలియక చేశానని, లాయరు సలహాను నమ్మానని చెబితే అది రక్షణ అవుతుంది. 2006 జూన్‌లో సుప్రీంకోర్టు హమ్దాన్ కేసులో ఉమ్మడి 3వ అధికరణం అల్‌ఖైదా ఖైదీలకూ వర్తిస్తుందని తీర్పిచ్చింది. అంటే అంతకుముందు చేసినవి యుద్ధ నేరాలు కావచ్చు. నాలుగు నెలలు తిరక్కుండా మిలిటరీ కమిషన్ల చట్టం వచ్చి యుద్ధ నేరం నిర్వచనాన్ని కుదించింది. కొత్త నిర్వచనాన్ని 1997 నవంబర్ నుంచే అమల్లో ఉన్నట్టు రాసింది. సలహాను నమ్మాననే రక్షణను 2001 సెప్టెంబర్ 11 దాకా వెనక్కి తీసుకెళ్లింది.

నాలుగోది రాజకీయ నిర్ణయం. బరాక్ ఒబామా 2009 జనవరి 22న, పదవిలోకి వచ్చిన మూడో రోజు, రహస్య జైళ్లను మూసేసి సైనిక మాన్యువల్‌లో ఉన్న పద్ధతులు తప్ప వేరేవి వాడొద్దని ఉత్తర్వు ఇచ్చారు. ఏప్రిల్‌లో మెమోలను బయటపెట్టారు. ఆ రోజే, న్యాయ శాఖ సలహాను నమ్మి పనిచేసినవారిపై విచారణ ఉండదని ప్రకటించారు. ఆగస్టులో డర్హామ్‌కు అప్పగించిన కొత్త పరిశీలన కూడా మెమోల గీత దాటినవారికే పరిమితం. 101 మంది ఖైదీల కేసులు చూసి, గుల్ రహమాన్‌ది సహా రెండు మరణాలను మాత్రమే పూర్తి దర్యాప్తుకు తీసుకున్నారు. 2012 ఆగస్టు 30న వాటినీ మూసేశారు. కోర్టులో నిలబడే సాక్ష్యం చాలదన్నారు. ఒబామా ఉద్దేశం దేశం చీలిపోకూడదన్నది కావచ్చు. కానీ మెమో చెప్పింది చేసినవాడికి రక్షణ ఉంటే, మెమో రాసినవాడిని అడగాలి కదా.

అడిగారు, పాక్షికంగా. న్యాయ శాఖ నైతిక విభాగం 2009లో యూ ఉద్దేశపూర్వకంగా, బైబీ నిర్లక్ష్యంగా వృత్తి ధర్మాన్ని తప్పారని తేల్చింది. 2010 జనవరిలో అదే శాఖలోని పైఅధికారి ఒకరు దాన్ని ‘విచక్షణ లోపం’గా తగ్గించేశారు. అప్పటికే బైబీ ఫెడరల్ అప్పీలు కోర్టు జడ్జి, యూ బర్క్‌లీలో న్యాయశాస్త్ర ఆచార్యుడు. థాయిలాండ్ కేంద్రాన్ని కొంతకాలం నడిపి, టేపుల నాశనం ఆదేశాన్ని రాసిపెట్టిన జీనా హాస్పెల్ 2018లో 54–45 ఓట్లతో సీఐఏ డైరెక్టర్ అయ్యారు.

శిక్ష పడింది కింది మెట్టు మీదివాళ్లకే. ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైల్లో ఖైదీల హింస ఫొటోల వ్యవహారంలో 11 మంది సైనికులకు శిక్షలు పడ్డాయి, గరిష్ఠం పదేళ్లు. సీఐఏ తరఫున పనిచేస్తూ అఫ్గానిస్తాన్‌లో ఒక బందీని కొట్టిన కాంట్రాక్టరు 2006లో దోషిగా తేలాడు, ఆ బందీ చనిపోయాడు. వాటర్‌బోర్డింగ్ గురించి టీవీలో మాట్లాడిన సీఐఏ మాజీ ఉద్యోగి జాన్ కిరియాకూకు, ఒక సహోద్యోగి పేరు విలేకరికి చెప్పిన నేరానికి 30 నెలల జైలు శిక్ష పడింది.

సివిల్ కోర్టులు, విదేశీ కోర్టులు

బాధితులు నష్టపరిహారం కోసం కోర్టుకెళితే ప్రభుత్వం ‘రాజ్య రహస్యాలు’ అని అడ్డుపడింది. పొరపాటున మరొకరనుకుని పట్టుకెళ్లిన జర్మన్ పౌరుడు ఖాలిద్ అల్ మస్రీ కేసు అలాగే పోయింది. ఖైదీలను విమానాల్లో తరలించడంలో సాయపడిన కంపెనీ మీద వేసిన కేసును 2010లో అప్పీలు కోర్టు 6–5తో కొట్టేసింది. 2022లో సుప్రీంకోర్టు అబూ జుబైదాకు సైతం అదే చెప్పింది. లోకమంతా ఎరిగిన విషయమైనా ప్రభుత్వం నిర్ధారించనంత వరకు రహస్యమేనంది.

ఈ తాళం ఒక్కసారి తెరుచుకుంది. మిచెల్, జెస్సెన్‌ల కంపెనీకి సీఐఏ 8.1 కోట్ల డాలర్లు చెల్లించింది. కేసులు వస్తే ఖర్చులు తానే భరిస్తానని ఒప్పందం కూడా రాసిచ్చింది. గుల్ రహమాన్ కుటుంబం, ఇద్దరు బతికి బయటపడిన ఖైదీలు 2015లో వాళ్ల మీద దావా వేశారు. సెనేట్ నివేదికలో వివరాలన్నీ అచ్చైపోయాయి కనుక ప్రభుత్వం ఈసారి కేసునే కొట్టేయమని అడగలేకపోయింది. 2017 ఆగస్టులో, విచారణకు కొద్ది రోజుల ముందు, రాజీ కుదిరింది. నివేదికల వల్ల ఏం ఒరిగిందని అడిగేవారికి ఇదొక జవాబు. అబూ గ్రైబ్ బాధితులు ముగ్గురు 2008లో వేసిన మరో దావాలో, అక్కడ ఇంటరాగేటర్లను సరఫరా చేసిన సీఏసీఐ సంస్థ 4.2 కోట్ల డాలర్లు చెల్లించాలని 2024 నవంబర్‌లో జ్యూరీ తీర్పిచ్చింది. అంతకు పదహారేళ్లు పట్టింది.

యూరప్ కొంత మేలు. మిలాన్ వీధిలోంచి ఒక ఇమామ్‌ను ఎత్తుకెళ్లినందుకు ఇటలీ కోర్టు 2009లో 23 మంది అమెరికన్లను వాళ్లు లేకుండానే దోషులుగా ప్రకటించింది. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు మస్రీకి 60 వేల యూరోలు ఇవ్వమని 2012లో మాసిడోనియాను ఆదేశించింది, రహస్య జైలుకు చోటిచ్చినందుకు 2014లో పోలండ్‌ను తప్పుపట్టింది. సాయం చేసిన దేశాలు జవాబు చెప్పాయి, ఆ జైళ్లను నడిపిన దేశం చెప్పలేదు.

బాధితుల కుటుంబాలకు దక్కనిది

చిత్రహింస వల్ల నిందితుడికే కాదు, నేర బాధితులకూ న్యాయం దూరమవుతుంది. సెప్టెంబర్ 11న దాదాపు మూడు వేల మంది చనిపోయారు. ఖాలిద్ షేక్ మహమ్మద్ దొరికింది 2003 మార్చి 1న. వాటర్‌బోర్డు మీద చెప్పిన మాటలు కోర్టులో పనికిరావు కనుక, 2007లో గ్వాంటనామో సైనిక జైల్లో ఎఫ్‌బీఐ ‘శుభ్రమైన బృందం’ వచ్చి ఖైదీలను మళ్లీ మొదటి నుంచి ప్రశ్నించింది. మూడేళ్లు నరకం చూసిన మనిషి ఆ తర్వాత మర్యాదగా అడిగితే చెప్పింది స్వచ్ఛందమేనా? 2023 ఆగస్టులో అల్ నషీరీ కేసులో, 2025 ఏప్రిల్‌లో సెప్టెంబర్ 11 నిందితుల్లో ఒకడైన అమ్మార్ అల్ బలూచీ కేసులో సైనిక జడ్జీలు కాదన్నారు. పాత హింస ఆ వాంగ్మూలాలనూ చెడగొట్టిందన్నారు. మరో నిందితుడు మానసికంగా విచారణకు పనికిరాడని తేలింది. 2024 జులైలో ఖాలిద్ షేక్ మహమ్మద్‌తో సహా ముగ్గురు నిందితులతో మరణశిక్ష లేకుండా నేరం ఒప్పుకునే ఒప్పందం కుదిరింది. రెండు రోజుల్లో రక్షణ మంత్రి దాన్ని రద్దు చేశారు. 2025 జులైలో అప్పీలు కోర్టు 2–1తో ఆ రద్దును సమర్థించింది. 2012లో అభియోగాలు వినిపించిన కేసులో అసలు విచారణ అప్పటికీ మొదలు కాలేదు.

ఇప్పుడున్న చట్టపరమైన అడ్డుకట్ట 2015లో వచ్చింది. మెక్‌కెయిన్, డయాన్ ఫైన్‌స్టైన్ ప్రతిపాదించిన సవరణ సెనేట్‌లో 78–21తో నెగ్గింది. ప్రభుత్వంలో ఏ సంస్థ అయినా సైనిక మాన్యువల్‌లోని పద్ధతులే వాడాలి, రెడ్‌క్రాస్‌కు ఖైదీలను చూడనివ్వాలి. ఒబామా ఉత్తర్వును తర్వాతి అధ్యక్షుడు ఒక్క సంతకంతో తీసేయగలిగేవాడు, దీన్ని తీసేయలేడు. కానీ 2006లో పెట్టిన వెనకటి తేదీ రక్షణలు అలాగే ఉన్నాయి. పద్ధతుల జాబితా మారింది, కవచం మారలేదు. రేపు మరో దాడి జరిగి, మరో లాయరు మరో మెమో రాస్తే, పోయినసారి ఎవరికీ ఏమీ కాలేదన్న ధైర్యం అతనికి ఉంటుంది.

మన దగ్గర

భారతదేశం ఆ ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై 1997 అక్టోబర్ 14న సంతకం చేసింది. ఇప్పటికీ ధ్రువీకరించలేదు. దీని ఫలితం మనకూ తగులుతూనే ఉంది. 1995 పురూలియా ఆయుధాల జారవేత నిందితుడిని అప్పగించమని కోరితే, ఇక్కడ చిత్రహింసలు పెట్టే ప్రమాదం ఉందని డెన్మార్క్ హైకోర్టు 2011లో నిరాకరించింది.

మనకు మెమోలు అక్కర్లేదు, కవచం వేరే రూపంలో ఉంది. పోలీసుకిచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు, కానీ దాని వల్ల ఏదైనా వస్తువు దొరికితే అంతమేరకు చెల్లుతుంది. ‘రికవరీ’ కోసం లాఠీ లేవడానికి ఇదొక పెద్ద కారణం. ఒప్పుకోలు కోసం కొడితే ఏడేళ్లు, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్లు శిక్ష అని చట్టంలో ఉంది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్. అయితే ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి కావాలన్న వాదన ప్రతి కేసులోనూ ఎదురవుతుంది. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 218వ సెక్షన్‌లో వచ్చిన ఒక మంచి మార్పు, 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే.

రుజువు విషయంలో 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఇచ్చిన ఆదేశం అందరూ గుర్తుంచుకోదగ్గది. ప్రతి స్టేషన్‌లో లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది, అన్ని గేట్ల దగ్గర ధ్వని, రాత్రి దృశ్యం రికార్డు చేసే కెమెరాలుండాలి. ఫుటేజీ 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది భద్రపరచాలి. కస్టడీలో దెబ్బలు తిన్నవారి తరఫున మొదట చేయాల్సింది, ఆ ఫుటేజీ చెరపకుండా రాతపూర్వకంగా కోరడం, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడు గాయాలు చూపించి రికార్డు చేయించడం. ఆ రెండూ జారిపోతే తర్వాత ఎంత గొప్ప లాయరైనా నిలబెట్టడం కష్టం. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్ ఘటనలో, అంటే రమీజాబీపై అత్యాచారం, ఆమె భర్త మరణం ఆరోపణలపై, జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. రాయచూరుకు బదిలీ అయిన క్రిమినల్ కేసులో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. విచారణ కమిషన్ నిర్ధారణ వేరు, కోర్టులో రుజువు వేరు.

ప్రత్యేక చట్టం కోసం 2010 మే నెలలో లోక్‌సభ ఒక బిల్లు ఆమోదించింది. రాజ్యసభ సెలెక్ట్ కమిటీ దాన్ని బలపరిచి తిరిగి రాసింది. 2014లో లోక్‌సభ రద్దుతో అది మురిగిపోయింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో కొత్త ముసాయిదా ఇచ్చింది. 2019లో సుప్రీంకోర్టు చట్టం చేయమని పార్లమెంటును ఆదేశించలేమంది. ఆ నివేదికలో ఒక సిఫారసు 1985 నుంచి వరసగా లా కమిషన్లు చేస్తున్నదే. కస్టడీలో ఉన్న మనిషికి గాయమైతే అది పోలీసు చేసిందేనని కోర్టు భావించవచ్చు, కాదని చూపాల్సిన భారం పోలీసుదే. నాలుగు గోడల మధ్య, సాక్షులంతా ఒకే శాఖవాళ్లయిన చోట, ఇంతకంటే పనికొచ్చే నిబంధన లేదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో దానికి చోటు దొరకలేదు.